పరీక్ష జరిగినది, పూర్తి అయినదా?

పరీక్షహాలులో కూర్చున్న ప్రతి విద్యార్థీ పరీక్షను పూర్తిగా వ్రాసినట్లు కాదు. ఈ సంగతి అధ్యాపకులకు తెలుసు; విద్యార్థులకు మరింత బాగా తెలుసు. జవాబుపత్రంలో సగం పుటలు తెల్లగా మిగిలిపోయినప్పుడు, వ్రాసిన సగంలో తప్పులు లేవు గనుక ఇతడు ఉత్తీర్ణుడని ఏ పరీక్షకుడూ అనడు. కాని వైద్యరంగంలో ఒకానొక పరీక్ష విషయంలో కొన్నిచోట్ల సరిగా ఇదే జరుగుతున్నది. సగమే చూడబడిన ప్రేగును గురించి “దోషం కానరాలేదు” అని వ్రాసి ఇస్తే, రోగి బంధువులు దానిని “దోషం లేదు” అని చదువుకొని ఇంటికి పోతున్నారు. కానరాకపోవడానికీ లేకపోవడానికీ మధ్యనున్న దూరాన్ని గుర్తించడం భాష బోధించేవాడి వృత్తిధర్మం. వైద్యుడను కాకపోయినా, తెలుగు అధ్యాపకుడనైన నేను ఈ విషయం మీద కలం పట్టడానికి సాహసించినది అందుకే.

నేను చెప్పదలచినది కాప్స్యూల్ ఎండోస్కోపీని గురించి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళకు “కెమెరా బిళ్ళ” అంటే సులువుగా తెలుస్తుంది. పెద్ద మందుగొట్టమంత బిళ్ళ. సుమారు 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగు గ్రాములకు లోపు బరువు. అందులో చిన్న కెమెరా, దీపాలు, బ్యాటరీ, వార్తలు పంపే యంత్రం ఇమిడి ఉంటాయి. రోగి దానిని మంచినీళ్ళతో మ్రింగుతాడు. నడుముకు కట్టిన పట్టీ ఆ బొమ్మలను అందుకొని ఒక పెట్టెలో భద్రపరుస్తుంది. తొలినాటి బిళ్ళలు సెకనుకు రెండు బొమ్మల చొప్పున ఎనిమిది గంటలసేపు తీసేవి. లెక్కవేస్తే 57,600 బొమ్మలు! ఆపైన బిళ్ళ మలంతోపాటు తనంతతానే బయటికి పోతుంది. గొట్టం లేదు, మత్తుమందు లేదు, నొప్పి లేదు.

ఈ ఊహ కలిగినది గావ్రియేల్ ఇద్దాన్ అనే ఇజ్రాయెలు ఇంజనీరుకు. ఆయన క్షిపణులకు చూపునిచ్చే పరికరాలు తయారుచేసే రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. 1981లో అమెరికాలో ఉన్నప్పుడు పరిచయస్థుడైన ఒక జీర్ణకోశ వైద్యుడు, చిన్నప్రేగులోకి చూడడానికి తమకు దారి లేదని వాపోయినాడట. క్షిపణికి కన్ను పెట్టినవాడు మాత్రకు పెట్టలేడా అన్నది అప్పుడు పుట్టిన ప్రశ్న. 2000లో ‘నేచర్’ పత్రికలో ఆయన బృందం, లండను వైద్యుడు పాల్ స్వెయిన్‌తో కలిసి ఈ సంగతి ప్రకటించినది. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చినది. సంహారం కోసం పుట్టిన విద్య చికిత్సకు మళ్ళడం చరిత్రలో తరచు జరిగేది కాదు. జరిగినప్పుడు, అది ఏ దేశం నుండి వచ్చినదని అడగకుండా స్వీకరించడమే మంచిదని నా భావన.

చిన్నప్రేగు ఎందుకు అంత చీకటిగా మిగిలిపోయినది? నోటినుండి పంపే గొట్టం జీర్ణాశయాన్ని దాటి కొద్దిదూరం మాత్రమే పోగలదు. క్రిందినుండి పంపే గొట్టం పెద్దప్రేగు అంతటినీ చూచి, చిన్నప్రేగు గడపదగ్గర ఆగిపోతుంది. ఆ రెండింటి నడుమ మెలికలు తిరిగి మీటర్లకొద్దీ పొడవున్న చిన్నప్రేగు, తిన్న అన్నం రక్తంగా మారే ప్రధానస్థానం, చూపుకు అందేది కాదు. మన తెలుగువారి వైద్య చరిత్రలోనే దీనికి విషాదకరమైన ఉదాహరణ ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి చిన్నప్రేగుకు సంబంధించినదే. ఆయనకూ అది సోకినది. ఆ దుఃఖం వెంటాడిన మనిషి తరువాతి కాలంలో అమెరికాలో తన సహచరులచేత ఫోలిక్ ఆమ్లాన్ని సాధింపజేశాడు. ఆనాడు ఆ ప్రేగులోపల ఏమి జరుగుతున్నదో కంటితో చూచినవారు లేరు. ఇప్పుడు చూడగల సాధనం ఉన్నది. సాధనం ఉండి కూడా సగమే చూస్తే, ఆ లోపం సాధనానిది కాదు.

ఈ పరీక్ష మన జిల్లాలకు దూరపు ముచ్చట అని కొందరు అనుకోవచ్చు. నేను అట్లా అనుకోను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు. వారిలో అత్యధికులకు కావలసినది తిండి, ఇనుము, కొంకిపురుగుల మందు. కెమెరా బిళ్ళ కాదు. వట్టికాళ్ళతో తోటలో తిరిగే మనిషి పాదం గుండా లోనికి దూరే కొంకిపురుగు చిన్నప్రేగు గోడను పట్టుకొని రక్తం త్రాగుతుంది. దానిని మొదట మలపరీక్షతో వెదకాలి. ఆపైన పైగొట్టం, క్రిందిగొట్టం పరీక్షలు చేయాలి. ఇవన్నీ అయినా రక్తం ఎక్కడికి పోతున్నదో తెలియనివారు కొందరు మిగులుతారు. కెమెరా బిళ్ళ ముఖ్యంగా అటువంటివారి కోసం. మన ఉద్దానంలో, అనగా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస పరిసరాలలో, మూత్రపిండాల వ్యాధి ఎంతమందిని పీడిస్తున్నదో ఈ కళాశాలలో చదివే ఆ ప్రాంతపు పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. మూత్రపిండాలు చెడినవారి ప్రేగులో రక్తనాళాలు ఉబ్బి చిట్లి, కనపడకుండా రక్తం కారడం సాధారణం కంటె ఎక్కువ. వాళ్ళనొప్పులకని ఏండ్లతరబడి దుకాణంలో కొని మ్రింగే నొప్పిమాత్రలు చిన్నప్రేగులో పుండ్లను, ఆ పుండ్లు మానినచోట ఇరుకులను పుట్టిస్తాయి. క్షయ ప్రేగును పట్టినప్పుడూ ఇరుకు ఏర్పడుతుంది. కనుక ఈ పరీక్ష అవసరమైనవారూ, ఈ పరీక్షలో చిక్కులు రాగలవారూ మన మధ్యనే ఉన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా అమ్మ చెల్లెలు, మేము ఖాలా అని పిలిచే ఆమె, చాలాకాలంగా మధుమేహం ఉన్న మనిషి. మలం నల్లగా పోవడం, రక్తం తగ్గడం, రెండుసార్లు రక్తం ఎక్కించడం జరిగినవి. పైగొట్టంలోను క్రిందిగొట్టంలోను ఏమీ దొరకలేదు. ఒక ఆసుపత్రిలో కెమెరా బిళ్ళ ఇచ్చారు. వచ్చిన నివేదిక రెండు పుటలు. మొదటి పుటలో, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో: చూచినంతమేరకు చిన్నప్రేగు సాధారణం. రెండవ పుటలో, చిన్న అక్షరాలతో: కాప్స్యూల్ సీకం చేరలేదు. సీకం అంటే పెద్దప్రేగు మొదలు. చిన్నప్రేగు అక్కడితో ముగుస్తుంది. బిళ్ళ మూడు గంటలసేపు జీర్ణాశయంలోనే కూర్చున్నది. తరువాత ప్రయాణం సగంలో ఉండగా బ్యాటరీ అయిపోయినది. “ఏమీ లేదట, అల్లా దయ” అని ఇల్లంతా సంతోషించారు. నాలుగు నెలలకు మళ్ళీ రక్తం ఎక్కించవలసి వచ్చినది. అప్పుడు వేరొక వైద్యుడు ఆ రెండవ పుట తిప్పి చదివి, ప్రేగును బాగా శుభ్రపరచి, బిళ్ళ జీర్ణాశయం దాటినదో లేదో గంటకొకసారి చూచుకుంటూ పరీక్షను మళ్ళీ చేయించాడు. రక్తం కారుతున్న నాళం చిన్నప్రేగు చివరి భాగంలో, మొదటిసారి బిళ్ళ చేరని చోట, కనిపించినది. బెలూను సహాయంతో లోతుగా పోయే గొట్టంతో దానిని కాల్చి మూశారు. మొదటి ఆసుపత్రివారు అబద్ధం వ్రాయలేదు. నిజాన్ని రెండవ పుటలో పెట్టారు, అంతే.

ఇది ఒక ఇంటి కథ మాత్రమే అయితే వ్రాయనవసరం లేదు. 2010లో ప్రచురితమైన ఒక సమగ్ర సమీక్ష, అంతవరకు ప్రపంచమంతటా వెలువడిన 227 వ్యాసాలలోని 22,840 పరీక్షలను లెక్కకు తీసుకున్నది. వాటిలో పూర్తి అయినవి నూటికి 83.5. అనగా ఇంచుమించు ఆరు పరీక్షలలో ఒకదానిలో బిళ్ళ గమ్యం చేరలేదు. బిళ్ళ లోపలే చిక్కుకొనిపోవడం నూటికి 1.4. తరువాత బ్యాటరీల ఆయువు పెరిగినది, కెమెరాలు మెరుగైనవి. ఐరోపా జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘం 2019లో కొలమానాలు పెట్టినది: ప్రతి కేంద్రంలోను చిన్నప్రేగు పూర్తిగా చూడబడిన పరీక్షలు నూటికి 80కి తగ్గరాదు, 95ను లక్ష్యంగా పెట్టుకోవాలి, చిక్కుకొనిపోవడం నూటికి రెండును మించరాదు. ప్రశ్న ఏమంటే, మనవాళ్ళు వెళ్ళే కేంద్రాలలో ఈ లెక్క ఎవరు వేస్తున్నారు? వేస్తే ఎవరికి చెబుతున్నారు? కళాశాల ఉత్తీర్ణతాశాతాన్ని ప్రతి సంవత్సరం ఈ సంచికలోనే అచ్చువేస్తాము. బాగున్న ఏడు గర్వంగా వేస్తాము, బాగులేని ఏడు తలవంచుకొని వేస్తాము. వేయడం మాత్రం మానము. డబ్బు పుచ్చుకొని పరీక్ష చేసే సంస్థ తన లెక్కను గోడమీద వ్రాయడానికి ఎందుకు సంకోచించాలి?

అసంపూర్ణతకు కారణాలు మర్మమైనవి కావు. మధుమేహం ఉన్నవారిలో జీర్ణాశయం మందగించి బిళ్ళ అక్కడే నిలిచిపోతుంది. పూర్వం పొట్ట ఆపరేషను జరిగినవారిలో, మంచం పట్టి ఆసుపత్రిలో పడియున్నవారిలో నడక నెమ్మదిస్తుంది. దీనికి ఉపాయం ఉన్నది: మ్రింగిన గంటకు బిళ్ళ ఎక్కడున్నదో తక్షణం చూపే తెరమీద చూడడం, ఇంకా జీర్ణాశయంలోనే ఉంటే కదలికను పెంచే మందు ఇవ్వడం, అప్పటికీ కదలకపోతే గొట్టంతో ముందుకు నెట్టడం. ఒక మనిషి గంటకొకసారి లేచి చూస్తే చాలు. యంత్రం ఖరీదు కోట్లయినా కాకపోయినా, ఈ లేచి చూడడం మాత్రం జీతం పుచ్చుకునే మనిషి శ్రద్ధ మీదనే ఆధారపడి ఉన్నది.

రెండవది ప్రయాణం. ఇచ్ఛాపురం నుండి విశాఖపట్నం రెండువందల కిలోమీటర్లకు పైమాట. సీతంపేట, సాలూరు ఏజెన్సీ గ్రామాల నుండి బయలుదేరేవారికి కిలోమీటర్ల కంటె బస్సుల లెక్క ముఖ్యం. తెల్లవారుజామున పరగడుపున బయలుదేరి వచ్చి, పదకొండు గంటలకు బిళ్ళ మ్రింగి, చివరి బస్సు అందదేమోనన్న భయంతో సాయంత్రం ఐదున్నరకే పట్టీ విప్పించుకొని పోతే, బిళ్ళ అప్పటికి సగం దారిలోనే ఉండవచ్చు. ఆపైన అది తీసే బొమ్మలను అందుకొనేవారు ఉండరు. బ్యాటరీ ఉన్నంతసేపూ పట్టీ ఉండవలసినదే. కనుక దూరం నుండి వచ్చే రోగికి ముందటి రాత్రి, తరువాతి రాత్రి తలదాచుకోవడానికి చోటు చూపడం పరీక్షలో ఒక భాగం, దయాధర్మం కాదు. ముసాఫిర్‌ఖానాలు, సత్రాలు కట్టించిన పెద్దల వారసులం మనము. ఈ మాట కమిటీ పెద్దలకు వేరుగా విన్నవించనక్కరలేదు.

మూడవది ప్రేగు శుభ్రత. దీనిని గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే ఇది మన చేతిలోని పని. కెమెరాకు కన్ను ఉన్నదే కాని, చీపురు లేదు. నీళ్ళు చిమ్మే సదుపాయం లేదు. గొట్టం వేసే వైద్యుడు అడ్డమొచ్చిన మలినాన్ని కడిగి పీల్చివేయగలడు. బిళ్ళ మాత్రం తనకు ఎదురైనదానినే బొమ్మ తీస్తుంది, అది ప్రేగు గోడైనా పప్పుమెతుకైనా. అందువల్ల ముందటి రోజు తేలికపాటి ద్రవాహారం, రాత్రినుండి ఉపవాసం, పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడిని రెండు లీటర్ల నీటిలో కలిపి త్రాగడం, నురుగును అణచే సిమెథికోన్ పుచ్చుకోవడం అవసరమని ఐరోపా సంఘం సూచిస్తున్నది. విరేచనమందువల్ల బిళ్ళ వేగం పెరుగుతుందన్న నిర్ధారణ లేదు. కాని చూపు తేటపడుతుంది. చేరడం ఒకటి, చూడడం ఒకటి. రెండూ జరిగితేనే పరీక్ష.

ఇప్పుడు ఆ సూచనలు రోగికి చేరే విధానం చూడండి. ఇంగ్లీషులో అచ్చైన ఒక కాగితం. ఎవరో అడిగితే నోటితో తెలుగులో ఒక్కమాట: “రేపంతా ద్రవపదార్థాలే తీసుకోవాలమ్మా.” ఆ అమ్మ చోడి అంబలి త్రాగుతుంది. అది ద్రవమే కదా! పాలు పోసిన టీ త్రాగుతుంది. గంజి త్రాగుతుంది. ఆమె అవిధేయత చూపలేదు; చెప్పినది చెప్పినట్లే చేసినది. చెప్పినవాడు చెప్పవలసినది చెప్పలేదు. “అడుగు కనిపించే ద్రవం మాత్రమే” అంటే ఆమెకు తెలిసేది. గ్లాసులో పోస్తే గ్లాసు అడుగు కనబడాలి. చోడి అంబలికి కనబడదు, పలుచని మజ్జిగకూ కనబడదు. వడగట్టిన తేటకు, పాలులేని టీకి కనబడుతుంది. కొబ్బరినీళ్ళకూ కనబడుతుంది, కాని ఉద్దానంలో ఇక్కడ ఇంకొక మెలిక ఉన్నది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న రోగికి కొబ్బరినీళ్ళలోని పొటాషియం ప్రాణం మీదికి తేగలదు. కొబ్బరితోటల మధ్య పుట్టినవాడికి కొబ్బరినీళ్ళు వద్దని చెప్పడానికి కాగితం చాలదు, కారణం చెప్పాలి. అట్లాగే సోడియం ఫాస్ఫేట్ కలిసిన విరేచనమందు మూత్రపిండాలకు చేటు చేయగలదని అమెరికా సంస్థ 2008లోనే హెచ్చరించినది. ఉద్దానపు రోగి తన ఊరి పేరును, తన క్రియాటినిన్ అంకెను వైద్యుడికి తానే ముందుగా చెప్పడం అలవాటు చేసుకోవాలి.

ఇనుము మాత్రల సంగతి మరీ విచిత్రం. రక్తహీనులకే ఈ పరీక్ష. రక్తహీనులకే ఆశా కార్యకర్తలు ఇనుము మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలే ప్రేగులో నల్లని మలినమై కెమెరా కన్ను కప్పుతాయి. వారంరోజుల ముందు ఆపాలి. ఎవరు చెప్పాలి? మాత్ర ఇచ్చినవారికి పరీక్ష సంగతి తెలియదు, పరీక్ష చేసేవారు మాత్ర సంగతి అడగరు.

చిక్కుకొనిపోయే ప్రమాదాన్ని కూడ దాచకూడదు. క్షయ వచ్చి తగ్గినవారు, తిన్న తరువాత కడుపు ముడివేసినట్లు నొప్పి వచ్చేవారు, ఏండ్లతరబడి నొప్పిమాత్రలు వాడినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వారికి మొదట స్కానింగు గాని, లోపల కరిగిపోయే నమూనా బిళ్ళ గాని ఇచ్చి దారి ఉన్నదో లేదో చూస్తారు. అసలు బిళ్ళ బయటపడినట్లు తెలిసేవరకు ఎమ్.ఆర్.ఐ. గదిలోకి పోరాదు. రెండు వారాలు గడిచినా పోయినదో లేదో తెలియకపోతే ఎక్స్‌రే తీయించాలి. సిగ్గుపడి మలాన్ని చూచుకోనివారికి ఇది చెప్పడం కష్టమే, కాని చెప్పాలి.

బొమ్మలన్నీ దొరికినవనుకుందాం. వాటిని చూచేదెవరు? సెకనుకు పది బొమ్మలకు మించిన వేగంతో చూడరాదని నియమం. 57,600 బొమ్మలను ఆ వేగంతో చూస్తే 96 నిమిషాలు పడుతుంది. దీపం ఆర్పిన గదిలో, తొంభైయారు నిమిషాలు, ఒకే గులాబిరంగు సొరంగాన్ని రెప్పవేయకుండా చూడడం ఎంత కష్టమో ఇన్విజిలేషను చేసిన ప్రతి అధ్యాపకుడూ ఊహించగలడు. రక్తం కారే నాళం ఒక్క బొమ్మలో మాత్రమే కనబడి పోవచ్చు. ఇంకొక సత్యం వినండి: పిత్తరసం ప్రేగులో కలిసే చోట ఒక చిన్న మొటిమ ఉంటుంది. అది ప్రతి మనిషికీ ఉన్నదే. అయినా ఎన్నో పరీక్షలలో అది బిళ్ళకు చిక్కదు. ఉన్నదని నిశ్చయంగా తెలిసినదే కనబడనప్పుడు, ఉన్నదో లేదో తెలియనిదానిని గురించి “లేదు” అని ఎట్లా అంటాము?

సుమారు వేయి సంవత్సరాల క్రిందట బస్రాలో పుట్టి కైరోలో గతించిన ఇబ్న్ అల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో చూపు రెండు విధాలన్నాడు. ఒకటి కంటికి తగిలినంతమాత్రాన కలిగే తెలివి; రెండవది తఅమ్ముల్, అనగా నిలిచి, పరికించి, భాగభాగాలుగా పోల్చి తెలుసుకొనడం. మొదటి దానివల్ల వస్తువు ఉన్నదని తెలుస్తుంది. దాని నిజరూపం రెండవదానివల్లనే నిశ్చయమవుతుంది. ఉర్దూ తరగతిలో తఅమ్ముల్ అనే మాటకు “సంకోచం” అని అర్థం చెప్పుకొని ముందుకు సాగిపోతాము. శాస్త్రంలో అది సంకోచం కాదు, పద్ధతి. నివేదిక వ్రాసే వైద్యుడు ఏ వేగంతో చూచినదీ అందులో వ్రాయాలని నేను కోరేది ఈ కారణంచేతనే.

ఇప్పుడు కృత్రిమ మేధ ఈ భారాన్ని తగ్గిస్తున్నది. చైనాలో 77 వైద్యకేంద్రాలకు చెందిన 6,970 మంది రోగుల బొమ్మలతో చేసిన అధ్యయనం 2019లో వెలువడినది. మనిషికి సగటున 96 నిమిషాలు పట్టిన పఠనం యంత్రం ఏరి ఇచ్చిన బొమ్మలతో ఆరు నిమిషాలలో ముగిసినదట, పైగా దోషాలు ఎక్కువగా పట్టుబడినవట. సంతోషించదగినదే. అయితే యంత్రం తన ముందున్న బొమ్మలలోనే ఏరగలదు. చోడి అంబలి వెనుకనున్న పుండును, బిళ్ళ చేరని మీటరులోని నాళాన్ని అది కూడ చూడలేదు. యంత్రం వస్తున్నది గదా అని పై జాగ్రత్తలను సడలించేవారు పొరబడుతున్నారు.

దీనికి వైద్యులు చెప్పే సమాధానం నాకు తెలుసు. నిపుణులు తక్కువ, రోగులు ఎక్కువ. బిళ్ళ ఒక్కసారికే పనికివస్తుంది. పరీక్ష అసంపూర్ణమైతే రెండవదాని ఖర్చు ఎవరు భరించాలి? న్యాయమైన ప్రశ్న. కాని ఖర్చు ఎక్కువ కనుకనే మొదటిసారే పూర్తికావాలి. కూలికుటుంబం కొన్ని నెలల సంపాదన ఒడ్డి చేయించుకున్న పరీక్ష ఇది; వారికి రెండవ అవకాశం ఉండదు. విశాఖపట్నంలో పుట్టిన నాగేశ్వరరెడ్డిగారు హైదరాబాదులో నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీకి ప్రపంచమంతటినుండి వైద్యులు వచ్చి నేర్చుకొనిపోతున్నారు. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ లభించినది. తెలుగుదేశంలో నైపుణ్యం లేదని ఎవరూ అనలేరు. ఆ నైపుణ్యానికీ మన పల్లెకూ మధ్య ఉన్నది ఒక కాగితం: ముందు ఇచ్చే సూచనల కాగితం, తరువాత ఇచ్చే నివేదిక కాగితం. రెండూ భాషకు సంబంధించినవి.

నివేదిక మొదటి పుటలోనే మూడు వాక్యాలు రోగి భాషలో ఉండాలని నా ప్రతిపాదన. బిళ్ళ చిన్నప్రేగు చివరివరకు చేరినదా, లేదా. ప్రేగు ఎంత శుభ్రంగా కనబడినది. చేరకపోతే, శుభ్రంగా లేకపోతే, ఇక ఏమి చేయాలి. “సాధారణం” అనే మాట ఈ మూడింటి తరువాతనే రావాలి.

సూచనల కాగితం మాత్రం మన కళాశాల తయారుచేయగలదు. వాడుకభాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టినది మన శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో. ఇంత గ్రాంథికచ్ఛాయతో వ్యాసం వ్రాస్తూ ఆయన పేరెత్తడం చూచి విద్యార్థులు నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనివ్వండి. ఆయన సవరభాష కూడ నేర్చి దానికి వాచకాలు, నిఘంటువులు కూర్చాడు. సీతంపేట కొండలనుండి దిగివచ్చే సవర రోగికి ఏ భాషలో చెప్పాలో ఆయన శిష్యపరంపరకు చెందిన మనకు ఎవరైనా గుర్తుచేయాలా? తెలుగు శాఖ, ఉర్దూ శాఖ, ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు కలిసి రెండు భాషలలో ఒక పుట వ్రాయాలి. వైద్యకళాశాల నిపుణులు ప్రతి వాక్యాన్నీ సరిచూడాలి. సవరభాష తెలిసిన విద్యార్థి ఉంటే మూడవది కూడ. చదువురానివారికోసం వినిపించేటట్లు గొంతు కూడ ముద్రించి సెల్‌ఫోనులో పంపవచ్చు.

ఉర్దూ ప్రతిలో రంజాన్ ప్రస్తావన తప్పక ఉండాలి. రోజా ఉన్నాము గదా, అదే పరగడుపు అని కొందరు అనుకుంటారు. సహరీలో కడుపునిండా తిని, పగలంతా నీళ్ళు లేకుండా ఉండడం ఈ పరీక్షకు కావలసిన సన్నాహం కాదు. దానికి కావలసినది నీళ్ళు త్రాగుతూ అన్నం మానడం. రోగికి రోజాను మరొక దినానికి వాయిదా వేసుకొనే వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే ఉన్నది. ఈ ఒక్క విషయంలో మసీదు ఇమాంగారి మాట మా కాగితం కంటె ఎక్కువ పనిచేస్తుంది కనుక, ముసాయిదాను వారికి కూడ చూపాలి.

వచ్చే విద్యాసంవత్సరం మొదటి పక్షంలో రెండు శాఖల అధ్యాపకులు కూర్చుంటే దసరా సెలవులకు ముందే ముసాయిదా కమిటీ పెద్దల చేతికి అందించగలము. వేయి ప్రతుల అచ్చుకూలి వార్షికోత్సవంనాడు ద్వారానికి కట్టే పూలతోరణం ఖర్చును మించదని ప్రెస్సువారు చెప్పారు.